కాంపౌండరు చేతి కొలత

పోయిన నెల అరకులో కొత్త పశువుల డాక్టర్లకి శిక్షణ పెట్టి, పాతవాణ్ణి కదా అని నన్ను పిలిచారు. ఆవుని చూసి మార్కులు ఎలా వెయ్యాలో చెప్పడం నా పని. పొదుగుకి ఇన్ని, కాళ్లకి ఇన్ని, నడుముకి ఇన్ని అని అచ్చేసిన కాగితం ఒకటి ఉంటుంది. ఎక్కువ మార్కులొచ్చిన ఆవుల్ని మందకి తల్లులుగా ఉంచుతారు. ఒక కుర్ర డాక్టరు ఆవుని గుంజకి కట్టేయించి, చుట్టూ ఒక్కసారి తిరిగి, టకటకా అంకెలు వేసేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ముందు కట్టు విప్పి నడిపించవయ్యా. కట్టేసిన ఆవు నిజం చెప్పదు" అన్నాను.

చూడ్డానికొచ్చిన రైతుల్లోంచి ఒక ముసలాయన నవ్వి, ఆ మాట మా కాంపౌండరుది కదా అన్నాడు. అవును ఆయనదే, ఎలా ఉన్నాడని అడిగాను. ముసలాయన నవ్వు ఆగిపోయింది.

"క్రిస్మస్‌కి ముందే పోనాడు కదా బాబూ. మీకు తెలీదేటి?"

తెలీదు. నాకెవరూ చెప్పలేదు. ఆయన పోతే నాకు కబురు పెట్టాలని ఎవరికి తోస్తుంది? పాఠం ఎలా ముగించానో గుర్తులేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర ప్లేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కాసేపటికి ఎవరో వచ్చి ఏమన్నా కావాలా సార్ అని అడిగారు.

మా ఆసుపత్రి రికార్డుల్లో ఆయన అటెండరు. ఊళ్లవాళ్లకి మాత్రం కాంపౌండరు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక కాగితం మీద ఆ పేరు రాశాను, అది చాలు.

నేనాయన్ని 'నువ్వు' అనేవాణ్ణి. నాకంటే పాతికేళ్లు పెద్ద. అప్పట్లో ఆఫీసుల్లో అంతే, డాక్టరు ఎంత కుర్రాడైనా బాబు, అటెండరు ఎంత పెద్దవాడైనా నువ్వు. ఇప్పుడు ఇలా రాసేటప్పుడు 'ఆయన' అంటున్నాను. ఇప్పుడు అనడం తేలిక.

పొట్టి మనిషి. చేతులు మాత్రం ఒంటికి మించినవి. చిన్నప్పుడు కన్యాస్త్రీల పశువులశాలలో పేడ తీస్తూ పెరిగాడు. వాళ్ల బళ్లోనే అయిదో తరగతి దాకా చదివాడు. అక్షరం గుండ్రంగా, ముచ్చటగా ఉండేది. ఆదివారం చర్చిలో నిలబడి వాక్యం చదివేది ఆయనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

తొంభైల మధ్యలో నేను విజయనగరం నుంచి ఆ కొండ మీదికి ఉద్యోగానికి వెళ్లాను. రెండు గదుల ఆసుపత్రి, పని చెయ్యని ఫ్రిజ్జు, వారానికి ఒకసారి వస్తే వచ్చే జీపు. డిగ్రీ పట్టాకి ఇంకా కొత్త వాసన పోలేదు. మొదటి రోజే ఆయన నన్ను ఒక రైతు ఇంటికి తీసుకెళ్లాడు. శాల గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. పేడలో చెప్పులు విప్పేవాణ్ణి నేను ఎప్పుడూ చూళ్లేదు. ఇదేమన్నా గుడా అని వేళాకోళం చేశాను. ఆయన నొచ్చుకోలేదు. చెప్పులుంటే ఆవుకి మన అడుగు తెలీదు, బెదురుతుందన్నాడు.

ఆవుని ముందునుంచి ఎప్పుడూ చూసేవాడు కాదు. వెనక్కెళ్లి గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, తోక మొదలు నుంచి గిట్టల దాకా చూపు దింపేవాడు. చలికాలం అయితే పొదుగు ముట్టుకునే ముందు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకునేవాడు. నేను ఈలోగా సగం కాగితం నింపేసి, ఇక కానివ్వమని విసుక్కునేవాణ్ణి. "ఏటి తొందర బాబూ, సల్లటి సెయ్యి పెడితే ఆయమ్మ మనకేటి సెప్తాది" అనేవాడు. ఏ ఆవైనా ఆయనకి ఆయమ్మే.

ఆ తర్వాత తోక పక్కకి జరిపి, వెనక రెండు ఎముకల మధ్య జాన వేసేవాడు. అదీ ఆయన కొలత. దూడ బయటికొచ్చే దారి ఆ ఎముకల మధ్యే కదా. జాన పట్టి, పైన మూడు నాలుగు వేళ్లు పడితే ఎంత పెద్ద ఆబోతు దూడనైనా ఈనగలదనేవాడు. జాన మాత్రమే పడితే చిన్న ఆబోతు చాలు. అన్నీ అయ్యాక తాడు విప్పి, ఆవుని కింద పారే గెడ్డ దాకా వాలులో దింపి, మళ్లీ ఎక్కించేవాడు. దిగేటప్పుడు వెనక కాళ్లు చూడాలనేవాడు.

ఆయన దగ్గర మార్కుల్లేవు. మూడే మాటలు. ఇంటికి, మందకి, సంతకి. ఇంటికి అంటే ఉంచుకో, పని జరుగుతుంది. సంతకి అంటే అమ్మెయ్. మందకి అన్నాడంటే దాని కడుపున పుట్టినవన్నీ దాచుకోమని. ఆ మాట ఏడాదికి రెండు మూడు సార్లు కూడా అనేవాడు కాదు. అన్న రోజున ఆ ఇంటివాళ్లు కోడిని కోసేవాళ్లు.

ఒకసారి పై ఊళ్లో ఒక ఆవుకి నేను వందకి ఎనభై వేశాను. పొదుగు అంత బాగుంది. ఆయన దాన్ని గెడ్డకి దింపాడు. దిగుతుంటే వెనక మోకాళ్లు ఒకదానికొకటి రాసుకున్నాయి. ఈ కాళ్లతో రెండు కాన్పుల తర్వాత కొండ దిగలేదని నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు. నేను ఎనభైని అలాగే ఉంచాను. మరుసటేడు ఆ ఆవు బురదలో కూలబడి లేవలేదు.

ఆ ఊరి పెద్ద నా కాగితం చూపించమని అడిగి, అందులో దేనికెక్కువ అన్నాడు. పొదుగుకి అన్నాను. ఆ పెద్ద అర్థంకానట్టు కాంపౌండరు వైపు చూశాడు. ఆ ఊళ్లో ఆవుని పితకరు. పాలు దూడవి. దూడ కడుపునిండా తాగితేనే కాళ్లు నిలుస్తాయి, కాళ్లు నిలిస్తేనే ఏటవాలు చేలో నాగలి నిలుస్తుంది. కాంపౌండరు ఇదంతా దారిలో నాకు వివరించి, "మీ కాయితం తప్పుది కాదు బాబూ. కిందోల కాయితం" అన్నాడు. కింద అంటే మైదానం. నాకు నవ్వొచ్చింది కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది కూడా.

ఇక కర్రావు పెయ్య సంగతి.

నల్లగా నిగనిగలాడే చిన్న పెయ్య. ఆయన సొంతం. దాని తల్లినీ, అమ్మమ్మనీ, ఆ అమ్మమ్మ తల్లినీ కూడా ఆయనే ఏరుకుంటూ వచ్చాడు. ఏ ఆబోతుతో కట్టించాలో, ఏ దూడని ఉంచాలో, దేన్ని సంతకి తోలాలో తేల్చుకుంటూ ఇరవై ఏళ్లు. కాళ్లు ఇనప కడ్డీలు. వాలులో దిగుతుంటే అడుగు తడబడేది కాదు. ఆయన జీవితంలో సొంత ఆవుని 'మందకి' అన్నది అదొక్కసారే. చుట్టుపక్కల అయిదారు ఊళ్లవాళ్లు దాని దూడ మాకంటే మాకని ముందే చెప్పుకున్నారు. ఆయనకి వేరే ఆస్తి లేదు, అడిగితే అదే తన ఆస్తి అనేవాడు. ఆ కొండ ఊళ్లన్నిటికీ దాని కడుపునుంచి ఒక మంద దిగాలన్నది ఆయన ఆశ.

ఆ ఏడు పశువుల ప్రదర్శనకి మంచి సంకర దూడని చూపించాలని నాకు పట్టుదల పుట్టింది. పై అధికారి దృష్టిలో పడాలి, అంతే. కొండ ఆవులకి జెర్సీ విత్తనం వాడమంటారు, అది కాస్త చిన్న జాతి. నా దగ్గర అప్పుడే పెద్ద జాతిది, హెచ్.ఎఫ్. ఆబోతుది వచ్చింది. సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో గడ్డకట్టించి పంపిస్తారు, స్ట్రాలంటాం. కర్రావుకి అది వేస్తే పుట్టే దూడ జిల్లాలో ఉండదని లెక్క వేసుకున్నాను. నా కాగితం ప్రకారం దాని వెనక భాగానికి పదికి ఎనిమిది. ఆ ఎనిమిది నేను కొలిచి వేసింది కాదు, చూసి వేసింది.

పెయ్య ఎదకొచ్చిన రోజు పొద్దున స్ట్రా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చేతిలోది చూశాడు. తోక పక్కకి జరిపి జాన వేశాడు. జాన పట్టింది, పైన వేలు కూడా పట్టలేదు.

"సాలదు బాబూ" అన్నాడు.

నేను నవ్వాను. చేతి కొలతల కాలం పోయిందన్నాను. నువ్వు సిస్టర్ల శాలలో నేర్చుకున్నది వేరు, కాలేజీలో చెప్పేది వేరు అని కూడా అన్నాను. మీరు సదువుకున్నోరు అని ఆయన తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తొమ్మిది నెలలూ రోజూ సాయంత్రం పెయ్యని మెల్లిగా గెడ్డ దాకా నడిపించి తెచ్చుకునేవాడు. నాతో ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

నెలలు నిండే రోజుల్లోనే నాకు పెళ్లి సంబంధం కుదిరేలా ఉందని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. సెలవు పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా విజయనగరం దిగిపోయాను. ఆయనకి మాత్రం ఇంటి ఫోన్ నంబరు ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే అరకు ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోను.

"నీటి సంచి పగిలిపోనాది బాబూ. ముంగాళ్లు కనపడతన్నాయి, తల రాడం నేదు. బేగి రండి."

తొలిచూలు కదా, టైము పడుతుంది, కంగారు పడొద్దు, రేపు రైలుకి వచ్చేస్తానన్నాను. అప్పుడే బయల్దేరి ఎస్.కోట దాకా బస్సు, అక్కణ్ణుంచి ఘాట్ మీద జీపు పట్టుకుంటే మధ్యాహ్నానికి చేరేవాణ్ణి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నాలుగింటికి పెళ్లికూతురి వాళ్లు వస్తున్నారు. "అలాగే బాబూ" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరుసటిరోజు ఎస్.కోటలో కిరండూల్ పాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. సంబంధం కుదిరింది, మనసు తేలికగా ఉంది. టైడాలో దిగి టీ కూడా తాగాను.

నేను వెళ్లేసరికి వాకిట్లో పెయ్య పడుకుని ఉంది. పక్కన దూడ. ఎంత పెద్ద దూడో. తల్లి తలకీ దాని తలకీ పెద్ద తేడా లేదు. రెండిటినీ కడిగి శుభ్రం చేసి, ఆదివారం చర్చికి కట్టుకెళ్లే తెల్లపంచె కప్పాడు. ఆయన కుడిచెయ్యి భుజం దాకా వాచి, గీరుకుపోయి ఉంది. ముందురోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ చేత్తో దూడని తిప్పడానికి చూశాడట. దూడ చచ్చాకే బయటికొచ్చిందట, వెనకే తల్లీ పోయిందట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది బాబూ. నా సెయ్యి సెప్పినాది. నేనే ఇన్నేదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా పడేవాణ్ణి. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు దుఃఖం రాలేదు. హమ్మయ్య అనిపించింది. నా బతుకులో నన్ను నేను క్షమించుకోలేనిది ఆ హమ్మయ్యే.

సంకర దూడల పథకంలో నేను పేరు ఎక్కించిన పెయ్య కాబట్టి ఎందుకు చచ్చిందో పైకి రాయాలి. నిజం రాస్తే రెండు విషయాలు బయటపడతాయి, వెయ్యకూడని జాతి వేశానని, సెలవు లేకుండా దిగిపోయానని. కూర్చుని రాశాను. యజమాని సకాలంలో వైద్యునికి సమాచారం ఇవ్వనందున, నిర్లక్ష్యం వలన, అని రాసి, యజమాని అన్నచోట ఆయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. కింద సంతకం పెట్టాలని కాగితం ఆయన ముందుకి తోశాను. నాకు చదివి వినిపించే ధైర్యం లేదు. వినిపించాల్సిన అవసరమూ లేదు, ఆయనకి చదవడం వచ్చు.

చదివాడు. చర్చిలో వాక్యం చదివేటట్టే, వేలు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కలం అడిగాడు. వాచిన కుడిచెయ్యి మూసుకోవడం లేదు, ఎడంచేత్తో దాన్ని పట్టుకుని ఆనించి సంతకం పెట్టాడు. ఆ గుండ్రటి అక్షరాలు ఆ రోజు వంకరపోయాయి. కాగితం నాకిచ్చి, టీ పెట్టమంటారా బాబూ అని అడిగాడు.

అంతటితో అయిపోయినా కొంత నయం. తర్వాతి నెల రైతుల సమావేశంలో పై అధికారి ఆ కాగితం తీసి అందరి ముందూ చదివాడు. ఆసుపత్రిలో పనిచేసేవాడే ఇలా నిర్లక్ష్యం చేస్తే మీ సంగతేంటి అని రైతులకి బుద్ధి చెప్పాడు. కాంపౌండరు తలుపు దగ్గర మంచినీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. జనమంతా ఆయన వైపు తిరిగి చూశారు. నేను అధికారి పక్కన కుర్చీలో కూర్చుని బల్ల మీద గీతలు చూస్తున్నాను. గ్లాసులు వరసగా అందరికీ అందించాడు, నాకూ అందించాడు. తీసుకుని తాగాను.

ఆ తర్వాత ఆయన ఏ ఆవు మీదా చెయ్యి వెయ్యలేదు. పై ఊరి పెద్ద తన పెయ్యని తోలుకొచ్చి చూడమంటే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని తువ్వాలు కింద దాచుకున్నాడు. "డాక్టరు బాబుని అడగండి" అన్నాడు. ఆ పెద్ద పెయ్యని తోలుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మెల్లిమెల్లిగా జనం అడగడం మానేశారు. కొందరు నిర్లక్ష్యం మనిషని మానేశారు, కొందరు అడిగి ఆయన్ని బాధపెట్టడం ఎందుకని మానేశారు. నేను మాత్రం ఒంటరిగా వెళ్లినప్పుడు ఆవుని విప్పించి గెడ్డకి నడిపించడం మొదలుపెట్టాను. తోక పక్కకి జరిపి నా జాన వేసి చూసుకునేవాణ్ణి. నా చెయ్యి చిన్నది, ఆ లెక్క నాకెప్పుడూ సరిగ్గా కుదరలేదు.

రెండేళ్లకి నాకు బదిలీ అయింది. స్టేషన్ దాకా నా ట్రంకుపెట్టె ఆయనే మోసుకొచ్చాడు. ఏదో ఒకటి చెప్పాలని దారంతా నోటిదాకా తెచ్చుకున్నాను. ప్లాట్‌ఫాం మీద ఆయనే మాట్లాడాడు. "కింద నేల సమంగా ఉంటాది బాబూ. అయినా ఆయమ్మని నడిపించి సూడండి" అన్నాడు. సరే అన్నాను. రైలు కదిలింది. చెప్పాల్సింది చెప్పలేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను, ఏటేటా అనుకున్నాను.

శిక్షణ అయ్యాక ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. వలిసె చేలు కోసేశారు, చలి ఉంది. వాకిట్లో ఆయన భార్య రాగులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి చేట పక్కన పెట్టి, ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసింది. శాల ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర నేను చెప్పులు విప్పాను, ఎందుకో నాకే తెలీదు.

అమ్మా, ఆ కాగితంలో రాసింది అబద్ధం అన్నాను. ఆయన ఫోన్ చేశాడు, నేనే రాలేదన్నాను. ఇన్నేళ్లకి గొంతులోంచి వచ్చింది. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసు బాబూ. ఆ రోజే సెప్పినాడు. బాబు కుర్రోడు, కొత్త ఉద్యోగం, పెళ్లి కుదిరినాది. ఆయనకైతే అంతా పోతాది, నాకేటి పోతాది అన్నాడు."

నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆమె లోపలికెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను, తాగలేకపోయాను. చేట మళ్లీ అందుకుని తనే మొదలెట్టింది. ఆఖరి వారం ఒళ్లు తెలియని జ్వరమట. ఎవర్నీ గుర్తుపట్టలేదట.

"మంచం పట్టె మీద సెయ్యి ఆపకుండా జాన ఏసీవోడు బాబూ. ఏసి, సాలదు బాబూ, సాలదు బాబూ అనీవోడు. మంచం ఇరుకైపోనాదేమో అనుకున్నాం. పక్కింటోల పెద్ద మంచం తెచ్చి ఏసినాం. దాని మీదా జానే, అదే మాట. పోయీదాకా అదే." చెంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. "ఏటి సాలదో నాకు తెలీనేదు. మీకేటైనా తెలుసా బాబూ?"

తెలుసమ్మా అన్నాను. ఆ మాట ఆయన నాతోనే అన్నాడు. ఒళ్లు తెలిసి ఉన్నప్పుడు ఒక్కసారే అన్నాడు. అప్పుడు నేను నవ్వాను.